నా విటమిన్ డి తగ్గడం వల్లే పాపకు ఇన్‌ఫ్లమేషన్ వచ్చిందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27 ఏళ్లు. మాది ఖమ్మం జిల్లా. ఇది తొలి కాన్పు. ఆరో నెలలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే మందులు వాడాను. 31వ వారంలో ఉమ్మనీరు పోవడం మొదలైంది. ఆస్పత్రిలో చేరాక పాప ఊపిరితిత్తుల కోసమని ఇంజెక్షన్లు చేశారు. రెండు రోజులకు నొప్పులొచ్చి పాప పుట్టింది. బరువు 1,420 గ్రాములు. మర్నాటి రక్తపరీక్షలో సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే ప్రోటీన్) 38 వచ్చిందని, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందని యాంటీబయోటిక్స్ ఇచ్చారు. రక్తంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే కల్చర్‌లో ఏమీ రాలేదు. ఇప్పుడు పాపకు 12 రోజులు. సీఆర్‌పీ 4కు తగ్గింది. గొట్టంతో నా పాలే పట్టిస్తున్నారు. కాన్పయ్యాక నాకు చేసిన పరీక్షలో విటమిన్ డి 11 ఉంది. తల్లికి డి తక్కువైతే నెలలు నిండని పిల్లల్లో ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువని నెట్‌లో చదివాను. ‘కడుపుతో ఉన్నన్నాళ్లూ ఎండ మొహం చూడలేదు, అందుకే ఇట్లయింది’ అంటోంది మా అత్తమ్మ. నిజంగా నా వల్లేనా? ఒకేసారి పెద్ద డోసు ఇంజెక్షన్ చేయించుకోమంటున్నారు, చేయించుకోవచ్చా? పాపకు చుక్కలు ఎంత వేయాలి? ఉదయం ఎండలో పడుకోబెట్టాలా?
- ఒక పాఠకురాలు

సలహా: అమ్మా, మీరు చేసిన తప్పేమీ లేదు. మీ విటమిన్ డి తక్కువగా ఉన్న మాట నిజం, దాన్ని సరిచేయాలి. కానీ పాపకు వచ్చిన ఇన్‌ఫ్లమేషన్‌కు కారణం వెతకాలంటే నేను మీ డి రిపోర్టు కంటే ముందు మీరు రాసిన మరో వాక్యం చూస్తాను. కాన్పుకు రెండు రోజుల ముందే ఉమ్మనీరు పోయింది.

ఉమ్మనీటి సంచి నెలలు నిండకముందే చిట్లిందంటే, చాలాసార్లు కింది నుంచి సూక్ష్మజీవులు పైకి పాకి ఆ పొరల్లో వాపు తెచ్చి ఉంటాయి. తల్లికి జ్వరం కూడా రాకపోవచ్చు. లోపల మాత్రం బిడ్డ రక్షణ వ్యవస్థ మేలుకుంటుంది. ఐఎల్-6 లాంటి రసాయనాలు బొడ్డుతాడు రక్తంలో పెరుగుతాయి, వాటి ఆదేశంతో బిడ్డ కాలేయం సీఆర్‌పీ తయారుచేస్తుంది. తల్లి సీఆర్‌పీ మాయను దాటి బిడ్డకు చెప్పుకోదగ్గంతగా చేరదు. కాబట్టి ఆ 38 మీ పాప ఒంట్లో తయారైనదే. ఇన్‌ఫెక్షన్ మొదలైన 10, 12 గంటలకు గానీ అది రక్తంలో సరిగా కనపడదు. మీ డాక్టర్లు మర్నాడు పరీక్ష చేయడం పద్ధతి ప్రకారమే. ఇక కల్చర్ సంగతి. మీకు ముందే యాంటీబయోటిక్స్ పడి ఉంటే, పైగా ఇంత చిన్న బిడ్డ నుంచి తీసేది కొద్దిపాటి రక్తమే అయితే, సూక్ష్మజీవి ఉన్నా పెరగకపోవచ్చు. అసలు సూక్ష్మజీవి లేకుండానే, కాన్పు కష్టమైనప్పుడు కూడా సీఆర్‌పీ కొంత పెరుగుతుంది. లోపల ప్రేరణ ఆగిపోతే సీఆర్‌పీ సుమారు 19 గంటలకోసారి సగమవుతూ పోతుంది. ఇప్పుడు 4 ఉందంటే మంట చల్లారినట్టే. 10 లోపు మామూలే అనుకుంటాం.

కాన్పప్పుడు మాయను ల్యాబ్‌కు పంపారేమో అడగండి. పంపి ఉంటే, పొరల్లో వాపు ఉందో లేదో ఆ రిపోర్టు చెబుతుంది. మీ డి పరీక్ష కంటే అదే ఎక్కువ విషయం చెబుతుంది.

మరి నెట్‌లో చదివింది అబద్ధమా అంటే, కాదు. విటమిన్ డి ఎముకలకే పరిమితం కాదు. సూక్ష్మజీవుల్ని మింగే మాక్రోఫేజ్ కణాలు రక్తంలోని డి ని తీసుకుని తమలోనే చురుకైన రూపంలోకి మార్చుకుంటాయి. దాని సాయంతో కేథలిసిడిన్ అనే సహజ యాంటీబయోటిక్ తయారుచేస్తాయి. ఇది 2006లో తేలిన సంగతి. మరోపక్క అదే డి, వాపు పెంచే రసాయనాలు హద్దు దాటకుండా పగ్గం వేస్తుంది. మాయలోనూ ఈ ఏర్పాటంతా ఉంది. బిడ్డకు కడుపులో డి వచ్చేది తల్లి నుంచే. బొడ్డుతాడు రక్తంలో ఉండేది తల్లి స్థాయిలో దాదాపు 50 నుంచి 80 శాతం. మీకు 11 ఉంటే పాపకు అంతకంటే తక్కువే ఉండి ఉంటుంది. ఇవన్నీ చూసి పరిశోధకులు అప్పుడే పుట్టిన పిల్లల్ని, వాళ్ల తల్లుల్ని పరీక్షించారు. టర్కీలో చేసిన కొన్ని అధ్యయనాల్లో డి తక్కువుంటే, నెలలు నిండి పుట్టిన పిల్లల్లో మూడు రోజుల్లోపు వచ్చే సెప్సిస్ (ఒళ్లంతా పాకే ఇన్‌ఫెక్షన్), నెలలు నిండని పిల్లల్లో ఊపిరితిత్తుల దీర్ఘకాల సమస్య ఎక్కువ కనిపించాయి. అమెరికాలో ఊపిరితిత్తుల సమస్య మీదే చేసిన మరో అధ్యయనంలో అలాంటి సంబంధం దొరకలేదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని తిరకాసు ఒకటుంది. ఇన్‌ఫ్లమేషన్ వస్తే రక్తంలో డి అంకె దానంతటదే పడిపోతుంది. మోకీలు మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను ఆపరేషన్‌కు ముందు, తర్వాత పరీక్షించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. సీఆర్‌పీ పెరిగిన రెండు మూడు రోజుల్లోనే వాళ్ల డి సుమారు 40 శాతం తగ్గింది. ఆ రెండు రోజుల్లో వాళ్లేమీ ఎండ మానేయలేదు, తిండి మానేయలేదు. మీ పరీక్ష కాన్పయ్యాక చేశారు. అప్పటికే ఉమ్మనీరు పోయి, ఒళ్లు ఒత్తిడిలో ఉంది. ఆ 11లో కొంత భాగం ఆ గొడవ ఫలితమే కావచ్చు. ఏది కారణమో, ఏది ఫలితమో ఒక్క రిపోర్టు పట్టుకుని తేల్చలేం. తేల్చి చెప్పేవాళ్లను నమ్మొద్దు.

గర్భిణులకు డి ఇస్తే నెలలు నిండకుండా పుట్టడం ఆగుతుందా అని కూడా చూశారు. 2019లో, అధ్యయనాలన్నిటినీ కలిపి చూసే కోక్రేన్ సమీక్షలో ఈ విషయంలో పెద్ద తేడా కనిపించలేదు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణులందరికీ డి మాత్రలు సిఫార్సు చేయలేదు. 2024లో అమెరికాకు చెందిన హార్మోన్ వైద్యుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ మాత్రం ఇవ్వడమే మంచిదని, అయితే అందరికీ రక్తపరీక్ష అక్కర్లేదని అంది. పెద్ద సంస్థలే ఇలా రెండు మాటలంటున్న చోట, ఒక తల్లిని పట్టుకుని ‘నీ డి తగ్గింది కాబట్టే’ అనడం న్యాయం కాదు.

అత్తమ్మ గారు అన్న ఎండ మాట కూడా చూద్దాం. ఎండలో పనిచేసే పల్లెవాళ్లలోనూ ఈ లోపం ఉంటుంది. తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ హరినారాయణ్ బృందం 2000 తర్వాత చేసిన అధ్యయనాల్లో పట్నాల్లోనే కాదు, పల్లెల్లోనూ డి లోపం బయటపడింది. మన తిండిలో కాల్షియం తక్కువ, ధాన్యాల్లోని ఫైటేట్ అనే పదార్థం ఆ ఉన్న కాల్షియాన్నీ పట్టేస్తుంది. అప్పుడు ఒంట్లోని డి త్వరగా ఖర్చయిపోతుంది. చర్మం రంగు, నిండా కప్పుకునే బట్టలు కూడా తోడవుతాయి. పైగా మనవాళ్లు మంచిదని నమ్మే పొద్దున్నే లేత ఎండలో డి తయారీకి కావాల్సిన అతినీలలోహిత బి కిరణాలు చాలా తక్కువ. తిరుపతి లెక్కల ప్రకారమే ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్య ఎండే పనికొచ్చేది. మే నెలలో ఏడో నెల గర్భిణిని ఖమ్మం ఎండలో ఆ వేళకు నిలబెట్టాలా? అత్తమ్మ గారినే అడగండి. ఆవిడ మీద కోపం పెట్టుకోకండి, ఆవిడకూ మనవరాలి మీద బెంగే. కానీ ఈ పేజీ చదివి వినిపించండి.

పాపను ఎండలో పడుకోబెట్టాలా అన్నదానికి జవాబు, వద్దు. కేజిన్నర కూడా లేని బిడ్డ ఒంటి వేడిని తనంతట తాను నిలుపుకోలేదు. బట్టలు విప్పి ఆరుబయట పెడితే చల్లబడుతుంది, లేదా ఎండకు ఒంట్లో నీరు పోతుంది. కిటికీ అద్దం వెనక పెడితే ఆ ప్రమాదం తగ్గుతుంది గానీ, అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది కాబట్టి డి కూడా రాదు.

పాపకు చుక్కల మందే మార్గం. కేవలం తల్లిపాలతో సరిపడా డి అందదు, ఏ తల్లి పాలలోనైనా అది తక్కువే. నెలలు నిండని పిల్లలకు, పాలు బాగా తట్టుకోవడం మొదలయ్యాక, మన దగ్గర సాధారణంగా రోజుకు 400 యూనిట్లు ఇస్తారు. కొన్ని ఆస్పత్రుల్లో 800 దాకా ఇస్తారు. 2014లో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు 28 నుంచి 34 వారాల మధ్య పుట్టిన పిల్లల్లో ఈ రెండు మోతాదులనూ పోల్చి చూశారు. 800 ఇచ్చిన పిల్లల్లో 40వ వారానికి డి లోపం తక్కువ కనిపించింది, కానీ ఎముకల గట్టిదనంలో తేడా లేదు. ఏ మోతాదన్నది మీ పిల్లల డాక్టరే నిర్ణయించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెబుతాను. మెడికల్ షాపులో దొరికే డి చుక్కల మందులన్నీ ఒక్కటి కావు. ఒక బాటిల్‌లో 1 మి.లీ.కి 400 యూనిట్లు, పక్కనే ఉన్న మరో బాటిల్‌లో అదే 1 మి.లీ.కి 800 ఉంటాయి. డిశ్చార్జి చీటీలో రాసిన బ్రాండ్ దొరక్క షాపతను మరోటి ఇస్తే, పాత డ్రాపర్‌తో అంతే వేసేస్తారు. డోసు రెట్టింపవుతుంది. అందుకే చీటీలో ‘1 మి.లీ.’ అని కాకుండా ‘400 యూనిట్లు’ అని రాయించుకోండి. బాటిల్ మీద మి.లీ.కి ఎన్ని యూనిట్లో చదవండి, ఆ బాటిల్‌తో వచ్చిన డ్రాపరే వాడండి. తల్లిపాలలో కలిపే ఫోర్టిఫయర్ పొడిలోనూ, మల్టీవిటమిన్ చుక్కల్లోనూ డి ఉంటుంది. పాపకు అవి కూడా ఇస్తుంటే మొత్తం లెక్క వేయమనండి. డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. పిల్లలు పాలు తాగరు, వాంతులు, మలబద్ధకం, మూత్రం ఎక్కువ రావడం, మగతగా ఉండటం కనిపిస్తాయి.

పాపకు డి పరీక్ష చేయించాలా అని మీరు అడగలేదు గానీ, ల్యాబ్ ప్యాకేజీలవాళ్లు ఎవరో ఒకరు అడిగిస్తారు. మామూలుగా అక్కర్లేదు. మీ పాప ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపి 120, 130 మి.లీ., అంటే ఒక టీ గ్లాసుడు. ప్రతి పరీక్షా అందులోంచే తీయాలి.

మీకు ఆ పెద్ద ఇంజెక్షన్ వద్దు. 6 లక్షల యూనిట్లు ఒక్కసారి గుచ్చేస్తే స్థాయి ఒక్కసారిగా ఎగబాకుతుంది, వెనక్కి తీసుకోలేం. మన దగ్గర వారానికొకటి చొప్పున 60 వేల యూనిట్ల సాచెట్ 6 నుంచి 8 వారాలు రాయడం మామూలే. పాలిచ్చే తల్లికి రోజూ వేసుకునే చిన్న మోతాదు నాకు ఎక్కువ ఇష్టం. ఏదైనా మీ డాక్టర్ రాసిన దాన్నే వాడండి, 8 వారాలు అన్నది 8 నెలలు చేయకండి. ‘నీరసానికి మంచిది’ అని సాచెట్లు ఏడాది పొడుగునా తాగేవాళ్లను చూస్తూనే ఉంటాం. పీహెచ్‌సీలో ఇచ్చే కాల్షియం మాత్ర ఒక్కోదానిలో 500 మి.గ్రా. కాల్షియంతో పాటు 250 యూనిట్ల డి ఉంటుంది. రోజుకు రెండు చొప్పున, కాన్పయ్యాక ఆరు నెలలు వేసుకోవాలి. కాల్షియాన్ని ఐరన్ మాత్రతో కలిపి వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటబట్టదు, రెండింటినీ వేర్వేరు వేళల్లో వేసుకోండి. గుడ్డు, పాలు, పెరుగు, రాగి జావ, చేపలు తినండి. బాలింత పథ్యం పేరుతో కారప్పొడి అన్నం మాత్రమే పెడితే మాత్రం ఒప్పుకోకండి.

ఇప్పుడు పాపకు మీరు చేయగలిగిన అసలు పని మీ గుండెల మీదే ఉంది. కంగారూ కేర్, అంటే బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా గుండెలకు ఆనించి కట్టుకోవడం, మొదలుపెట్టారా? 2021లో మన దేశంతో సహా ఐదు దేశాల్లో 1 కేజీ నుంచి 1.8 కేజీల లోపు పిల్లల మీద చేసిన పెద్ద అధ్యయనంలో, పుట్టగానే కంగారూ కేర్ మొదలుపెట్టిన వాళ్లలో మరణాలు నాలుగో వంతు తగ్గాయి, సెప్సిస్ కూడా తగ్గింది. మీ పాప బరువు సరిగ్గా ఆ లెక్కలోకి వస్తుంది. రోజుకు కనీసం 8 గంటలు, వీలైతే ఇంకా ఎక్కువ. మీకు అలసటైతే మీ వారు, అత్తమ్మ కూడా కట్టుకోవచ్చు. నా మాటంటే, ఎండ గురించి వాదించే టైంలో ఆవిడ చేతే ఒక పూట కట్టించండి. మీ పాలు పిండి ఇవ్వడం ఆపకండి. చిన్న పిల్లల పేగుల్లో వచ్చే ప్రమాదకరమైన వాపును అడ్డుకోవడంలో తల్లిపాలను మించింది లేదు. పాపను తాకే ప్రతిసారీ గాజులు, ఉంగరాలు తీసి మోచేతుల దాకా కడుక్కోండి.

మీ ఉత్తరంలో కనపడని ముఖ్యమైన సంగతి కంటి పరీక్ష. 34 వారాల లోపు లేదా 2 కేజీల లోపు పుట్టిన ప్రతి బిడ్డకూ రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష జరగాలి. పుట్టిన నాలుగు వారాల్లోపు. పాపకు ఇప్పటికే 12 రోజులు. కళ్లు బయటికి మామూలుగానే కనిపిస్తాయి, లోపల రక్తనాళాలు దారి తప్పితే చూపు పోయే ప్రమాదం ఉంటుంది. వేళకు పట్టుకుంటే లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో ఆపవచ్చు. అక్కడ కంటి డాక్టర్ ఏ రోజు వస్తారో రేపే అడిగి రాసుకోండి. అంతకుముందే డిశ్చార్జి చేస్తే, తారీఖు చీటీ మీద వేయించుకుని రండి. కేజిన్నర లోపు పుట్టింది కాబట్టి ఎముకల కోసం ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్షలు ఎప్పుడు చేస్తారో, ఐరన్ చుక్కలు ఎప్పుడు మొదలుపెడతారో కూడా అదే రోజు కనుక్కోండి.

మళ్లీ గర్భం గురించి ఇప్పుడే ఆలోచించక్కర్లేదు, కనీసం ఏడాదిన్నర ఆగండి. అప్పుడు మొదటి నెలల్లోనే ‘31 వారాలకు ఉమ్మనీరు పోయింది’ అని డాక్టర్‌కు చెప్పండి. మూత్రం కల్చర్, గర్భాశయ ముఖద్వారం పొడవు స్కాన్, అవసరమైతే ప్రొజెస్టిరాన్ హార్మోన్ గురించి వాళ్లు చూసుకుంటారు. విటమిన్ డి మాత్ర కూడా అప్పుడు వేసుకోండి, మీ ఎముకల కోసం, పుట్టబోయే బిడ్డ ఎముకల కోసం.