గడ్డం ఎత్తకుండా చదవగలగాలి

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు ఉపాధ్యాయురాలిని. మా అమ్మమ్మ చెప్పిన కథలన్నీ రాసి, నా గొంతుతో రికార్డు చేసి మనవలకు పంపాలని కోరిక. మా అబ్బాయి ల్యాప్‌టాప్, దాన్ని ఎత్తుగా నిలబెట్టే స్టాండు, విడిగా ఒక కీబోర్డు కొనిచ్చాడు. అయినా గంట కూర్చుంటే మెడ పట్టేస్తోంది. తెలుగు టైపింగు రాదు. ఇంకా ఏమేం కొనాలి? - పాఠకురాలు, కాకినాడ

జవాబు: టీచరు గారూ, ముందు మెడ సంగతి చూద్దాం. మీరు పైన దూరానికి, కింద చదువుకోవడానికి పవరు ఉన్న అద్దాలు పెట్టుకుంటున్నారా? అయితే తప్పు మీది కాదు, స్టాండుదీ కాదు. తెర పై అంచు కళ్లకు సమానంగా ఉండాలని అందరూ చెబుతారు. మామూలు చూపు ఉన్నవాళ్లకు అది సరైన మాటే. చత్వారం అద్దాల్లో మాత్రం దగ్గరి అక్షరాలు కింది భాగంలోంచే కనిపిస్తాయి. తెర ఎత్తుగా ఉంటే తెలియకుండానే గడ్డం పైకి లేస్తుంది, తల వెనక్కి వాలుతుంది. గంటసేపు అలా ఉంటే ఏ మెడైనా పట్టేస్తుంది. ముప్పై ఏళ్లు డీటీపీ (కంప్యూటరులో అచ్చుకు పేజీలు తయారుచేసే పని) చేసిన నాకు ఈ సంగతి యాభై దాటాకగాని తెలియలేదు.

స్టాండును కిందికి దించండి. గడ్డం ఎత్తకుండా, నడుం వంచకుండా చదవగలిగిన చోట ఆపండి. తెరను కొద్దిగా వెనక్కి వాల్చండి. మోచేతులు బల్ల ఎత్తుకు రాకపోతే కుర్చీ మీద మెత్త వేసుకోండి. అప్పుడు పాదాలు నేలకు ఆనకపోతే కింద చిన్న పీట పెట్టుకోండి. ఆ తరవాత కంటి నుంచి తెరకు ఎంత దూరమో టేపుతో కొలిచి, ఆ అంకె కాగితం మీద రాసుకుని కళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లండి. నాకు 60 సెంటీమీటర్లు వచ్చింది. ఆ దూరానికే సరిపడే ఒకే పవరు అద్దాలు రాయించుకున్నాను. మీరు ఇంకా డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఏమైనా ఉంటే దాని మీదే పెట్టండి.

టైపింగుకు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. ఏ కీ మీద ఏ తెలుగు అక్షరం ఉండాలో చెప్పే అమరిక అది. విండోస్‌లో తెలుగు భాషను చేర్చుకుంటే అదీ వస్తుంది, విడిగా కొనక్కర్లేదు. వర్ణమాల తెలిసినవాళ్ల కోసమే చేశారా అన్నంత చక్కగా ఉంటుంది. ఇంగ్లీషు కె కీ నొక్కితే క, షిఫ్టుతో కలిపి నొక్కితే ఖ. ఇంగ్లీషు ఐ నొక్కితే గ, షిఫ్టుతో ఘ. గుణింతాల గుర్తులు చాలామటుకు ఎడమచేతి కింద, హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద ఉంటాయి. వత్తు కావాలంటే మధ్యలో పొల్లు పెట్టాలి, అది డి మీద ఉంటుంది. ‘అమ్మ’ అని కొట్టడానికి షిఫ్టుతో డి, తరవాత సి, డి, సి. అంటే అ, మ, పొల్లు, మ. మీరు బడిలో నల్లబల్ల మీద విడదీసి చెప్పినట్టే! కీల మీద స్టిక్కర్లు అంటించకండి, చూపు వాటి మీదే ఉండిపోతుంది. ఏ కీ మీద ఏ అక్షరమో చూపే పటం ప్రింటు తీసి తెర పక్కన పెట్టుకోండి. రోజూ అరగంట చొప్పున నెల రోజులు ఓపిక పట్టండి. రాయడానికి లిబ్రెఆఫీస్ చాలు, ఉచితం. అచ్చు తీసేటప్పుడు కథకు మండలి, శీర్షికకు రామభద్ర ఫాంట్లు పెట్టి చూడండి. అవీ ఉచితమే.

ఇక రికార్డింగు. మైకు కొనే ముందు గదిని చూడండి. గచ్చు నేల, ఉత్త గోడలు ఉన్న గదిలో ఎంత ఖరీదైన మైకైనా బావిలోంచి మాట్లాడినట్టే వినిపిస్తుంది. నేను చీరల బీరువా తలుపులు తెరిచి, వెనక తాడు మీద బొంత ఆరేసి, బీరువాకు ఎదురుగా కూర్చుంటాను. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ప, భ అన్నప్పుడల్లా గాలి తగిలి బుస్సుమంటుంది. ఫ్యాను ఆపేయండి. మొదట ఐదు సెకన్లు ఏమీ మాట్లాడకండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఐదు సెకన్లను ఎంచుకుని, నాయిస్ రిడక్షన్‌కు (హోరు తగ్గించే సదుపాయానికి) నమూనాగా ఇస్తే కథ మొత్తంలో గది హోరు తగ్గుతుంది. ఎక్కువ తగ్గించకండి, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు అయిపోతుంది. మొదటి కథ ఫోను మైకుతోనే చేయండి. మనవలు విన్నాక కొత్త మైకు గురించి ఆలోచిద్దాం.

ప్రశ్న: నాన్నగారి కవితలు పాత డీటీపీ ఫైళ్లలో ఉన్నాయి. తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయి. పోయినట్టేనా? - పాఠకుడు, సిద్దిపేట

జవాబు: పోలేదు బాబూ. పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు ఉండేవి. ఆ ఫాంటు లేకపోతే ఇంగ్లీషే కనిపిస్తుంది. ఏ ఫాంటుతో చేశారో తెలుసుకుని, దానికి తగిన యూనికోడ్ కన్వర్టరుతో (పాత ఫాంటు రాతను ఇప్పటి కంప్యూటర్లన్నీ చదవగల తెలుగులోకి మార్చే సాఫ్ట్‌వేర్‌తో) మార్చండి. వత్తులు, అరసున్నలు తారుమారవుతాయి కాబట్టి నాన్నగారి రాతప్రతి పక్కన పెట్టుకుని ఒక్కో పాదం సరిచూడండి. పాత ఫైళ్లు మాత్రం చెరపకండి. ఒక నకలు పెన్‌డ్రైవులో వేసి మీ అన్నదమ్ముల్లో ఒకరింట్లో ఉంచండి.