ప్రైడ్ యాత్రల చరిత్ర రాయబోయే మేనకోడలికి

తిరుపతి

చిరంజీవి మేనకోడలిని దీవించి మీ అత్త రాయునది.

స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు తలెత్తుకుని వీధిలో నడిచే ప్రైడ్ యాత్రలు దక్షిణాదిలో సాగిన చరిత్రకు నువ్వు రాసి పంపిన మొదటి పేజీ చదివాను. తాతయ్యగుంట గంగమ్మ జాతరతో ఎత్తుకున్నావు. ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దినదానిగా చెబుతున్నాను, ఆ పేజీ తీసివేయి. జాతరలో మన మగవాళ్లు చీర కట్టి, పూలు ముడిచి, గాజులు తొడుక్కుని నడిచేది అమ్మవారి మొక్కు తీర్చుకోవడానికి. మొక్కు తీరగానే ఆ చీర మళ్లీ పెట్టెలోకి పోతుంది. స్వలింగ ప్రేమికుల బతుకు ఏటా ఒక్క వారం వేసి తీసే వేషం కాదు గదా.

దక్షిణాది చరిత్రే అయినా కోల్‌కతాతో మొదలుపెట్టు. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ కింద యావజ్జీవ శిక్ష దాకా వేయగలిగిన రోజుల్లో, 1999 జులై 2న పసుపు టీషర్టులు వేసుకుని అక్కడ నడిచినవారు పట్టుమని 15 మంది. 2008 జూన్ 29న ఢిల్లీ, కోల్‌కతాలతో పాటు బెంగళూరు నడిచింది. మరుసటి ఏడు జూన్ 28న చెన్నై నడిచిన నాలుగు రోజులకే ఢిల్లీ హైకోర్టు ఆ సెక్షన్‌కు కత్తెర వేసింది.

ఇక్కడ తొందరపడి, ఆ నేరం ముద్రను సుప్రీంకోర్టు తీసేసిన 2018 తీర్పుకు దూకవద్దు. హైదరాబాద్‌లో తొలి ప్రైడ్ 2013 ఫిబ్రవరిలో జరిగితే, ఆ డిసెంబరు 11నే సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును కొట్టివేసింది. ఫిబ్రవరిలో ధైర్యం చేసి ముఖం చూపినవారు డిసెంబరులో మళ్లీ నేరస్థుల లెక్కలోకి వచ్చారు. 2018 సెప్టెంబరు 6 దాకా వాళ్లు ఆ దినాలు ఎట్లా గడిపారో అడిగి రాయి, నీ పుస్తకానికి ఆయువుపట్టు అదే.

అడగడంలో మాత్రం జాగ్రత్త. 2008 నాటి ఢిల్లీ ఫొటోలలో చాలామంది ముఖాలకు మాస్కులుంటాయి. ఆ మాస్కు వెనుక ఎవరున్నారో నీకు తెలిసినా, వారు ఒప్పుకోనిదే పేరు వేయవద్దు. ఒకప్పుడు ఒక ఫొటో కింద అడగకుండా పేరు అచ్చు వేయించి, ఒక అబ్బాయి అద్దె ఇల్లు పోగొట్టిన పాపం నాది. ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు ఇంకా మెలకువ కావాలి. పెళ్లయి అత్తవారింట ఉన్నవారికి నువ్వు ఫోన్ చేయకు, వీలు చూసుకుని వాళ్లనే చేయమను.

రెండో పేజీ పంపేటప్పుడు మార్జిన్ కాస్త ఎక్కువ వదులు. నా దిద్దుబాట్లకు ఈసారి చోటు చాలలేదు.

మీ అత్త