రెండోసారి దిగినప్పుడు ఏం రాయాలి?

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. మొదటిసారి జపాన్ వెళ్ళినప్పుడు నోట్‌బుక్ నిండిపోయిందనీ, ఈసారి నరిటా విమానాశ్రయంలో దిగాక ఒక్క ముక్కా తోచలేదనీ, ఆ దేశం మీద ఇష్టం తగ్గిందేమోనని టెన్షన్‌గా ఉందనీ రాశావు. ఇష్టం ఎక్కడికీ పోలేదు. కొత్త తీరిందంతే.

మొదటిసారి దిగినవాడు కళ్ళతోనే రాస్తాడు. నేనూ అంతే. నరిటా నుంచి టోక్యో నడిబొడ్డుకి సుమారు 60 కిలోమీటర్లు. మే నెలలో కేసే లైన్ రైలెక్కితే చిబా పల్లెల్లో అప్పుడే నాట్లు పడిన మడులు, వాటి నీళ్ళలో ఆకాశం. గోదావరి వైపు పుట్టినవాణ్ణి, దేశం కాని దేశంలో వరిమళ్ళు కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరమే రాశాను.

ఆ తర్వాత ఆ నేల గురించి చదివాను. 1966లో ప్రభుత్వం రైతులను ఒక్క మాటైనా అడక్కుండా అక్కడ విమానాశ్రయం కడతామని ప్రకటించింది. అక్కడి సన్‌రిజుకా ఊరి రైతులు తిరగబడ్డారు, విద్యార్థులు తోడొచ్చారు. ఆ గొడవల్లో పోలీసులూ పోయారు, ఉద్యమకారులూ పోయారు. 1978 మార్చిలో ఉద్యమకారులు కంట్రోల్ టవర్‌లోకి చొరబడి పరికరాలు పగలగొట్టడంతో ప్రారంభోత్సవం మే నెలకి వాయిదా పడింది. రెండో రన్‌వే 2002లో గానీ రాలేదు. అనుకున్నది 2,500 మీటర్లు, వేయగలిగింది 2,180. భూమి ఇవ్వబోమన్న రైతులు ఇవ్వలేదు మరి! పూర్తి పొడవు 2009లో వచ్చింది.

ఇప్పుడు విమానం దిగి టాక్సీవే మీద పోతుంటే, కంచెల మధ్య మిగిలిన పొలాల కోసం కిటికీలోంచి వెతుకుతాను. ఒకప్పటి సంబరం లేదు. మనవాళ్ళ ఇంట్లో గొడవ సంగతి తెలిసి గడప తొక్కినట్టు మనసు బరువెక్కుతుంది. నాకు ఆ దేశం దగ్గరైంది అప్పుడే.

అందుకే చెబుతున్నా. మొదటి రాక గురించి ఆ రాత్రే రాసెయ్, రంగులూ వాసనలూ సహా. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ పులకింత కోసం దేవులాడకు, లేనిది తెచ్చిపెట్టుకుంటే చదివేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. కంటికి అలవాటైనదాన్ని ఒక్కటి పట్టుకుని, అది అక్కడికెలా వచ్చింది, దానికోసం ఎవరేం పోగొట్టుకున్నారు అని అడుగు.

ఈసారి వెళ్తే టోక్యో రైలు తొందరపడి ఎక్కకు. విమానాశ్రయం పక్కనే షిబయామాలో ఆ పోరాట చరిత్ర చెప్పే చిన్న మ్యూజియం ఉంది, ఉద్యమకారుల హెల్మెట్లు కూడా దాచారు. ఓ పూట అక్కడ గడుపు. రాసింది నాకు పంపు.

మీ అన్నయ్య