గుండు గొట్టం కన్నా చిన్నదెందుకు?

ప్రశ్న: చంద్రగిరి కోట చూసొచ్చిన దగ్గర్నుంచి మా అబ్బాయికి పాత తుపాకుల ధ్యాసే. మూతి వైపు నుంచి మందు కూరే తుపాకుల్లో సీసం గుండు గొట్టానికి వదులుగా ఉండేదట. గురి తప్పదా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: తప్పుతుందమ్మా. తెలిసే అలా వాడారు. బ్రిటిష్ సిపాయిలు వాడిన బ్రౌన్ బెస్ తుపాకినే తీసుకోండి. గొట్టం లోపలి వెడల్పు సుమారు 0.75 అంగుళం, గుండు 0.69 అంగుళం. బరువు దాదాపు 32 గ్రాములు. ఆ కాలపు తుపాకి మందు కాలాక సగానికి పైగా మసే. అది గొట్టం లోపల పొరలు పొరలుగా గట్టిపడుతుంది. బిగుతు గుండైతే కాసేపటికే సగం దారిలో ఇరుక్కుంటుంది. ఎదురుగా శత్రువు ఉన్నప్పుడు సిపాయికి అంతకన్నా టెన్షన్ ఏముంటుంది? గుండునీ మందునీ కాగితం పొట్లంలో కలిపి ఇచ్చేవారు. ఆ కాగితమే సందును కొంత పూడ్చేది. గురి కావాలనుకునేవాళ్లు కొంచెం పెద్ద గుండు తీసుకుని, కొవ్వు రాసిన గుడ్డముక్కతో దించుతారు. సీసం మాత్రం మెత్తటిదే మంచిది.

ఒక్కటి గట్టిగా చెబుతాను. గుండు మందుకు ఆనకుండా మధ్యలో ఆగితే గొట్టమే పగలొచ్చు. మీ బంధువుల అటక మీద అలాంటి తుపాకి ఉంటే పిల్లాణ్ణి ముట్టుకోనివ్వకండి. లోపల ఎప్పటిదో మందు ఉండిపోయి ఉండొచ్చు.