టెక్ సందేహాలు: మోత సంగతి తర్వాత, ముందు వైరు చూడండి

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాను. ఎస్టేట్ సేల్‌లో 1950ల నాటి కరెంటు గోడ గడియారం కొన్నాను. టైము బాగానే చూపిస్తోంది కానీ, గరగరమని ఒకటే మోత. ఇంట్లోనే బాగు చేసుకోవచ్చా? సంక్రాంతికి విజయవాడ వచ్చేటప్పుడు నాన్నగారికి తెచ్చిద్దామని ఉంది.

జవాబు: పాత గడియారాల మోత గురించి మెయిల్స్ వస్తూనే ఉన్నాయి. అందరూ అడిగేది ఒక్కటే, ఏ నూనె వేయాలని. వైరు గురించి ఒక్కరూ అడగరు!

ముందు ప్లగ్ పీకి వైరును కాస్త వంచి చూడండి. రబ్బరు పెళుసుగా విరిగి పొడిలా రాలుతుంటే దాన్ని మళ్లీ ప్లగ్‌లో పెట్టొద్దు. టేపు చుట్టి సరిపెట్టుకునేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. వైరు బాడీలోకి దూరే చోటే రబ్బరు ఎక్కువగా పాడవుతుంది, అక్కడికి మీ టేపు చేరదు. ఈ గడియారాలకు రెండే పిన్నులు, ఎర్త్ ఉండదు. లోపల ఫేజ్ వైరు ఇనుప బాడీకి తగులుకున్నా ఫ్యూజు పోదు, గడియారం ఆగదు. టైము సరిచేద్దామని చెయ్యి పెట్టినవాళ్లకే తెలుస్తుంది. మల్టీమీటర్ పెట్టి ‘ఏమీ చూపలేదు, సేఫ్’ అనుకోవద్దు. అది కొన్ని వోల్టులతోనే పరీక్షిస్తుంది. 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్‌ను ఎక్కువ వోల్టేజీతో పరీక్షించే మీటర్) ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చూపించి, వైరు మొత్తం మార్పించండి.

ముళ్ల మీద, అంకెల మీద చీకట్లో మెరిసే రంగు ఉంటే అద్దం విప్పకండి. ఆ రోజుల్లో అందులో రేడియం కలిపేవారు. మెరుపు పోయినా రేడియం పోదు, అది సగానికి తగ్గడానికే దాదాపు 1600 ఏళ్లు పడుతుంది. గీకితే ఆ పొడి పీల్చేది మీరే.

ఇక మోత. ఒకే శ్రుతిలో ‘జుయ్’ మంటుంటే కాయిల్ దగ్గర స్క్రూలు వదులైనట్టు, బిగిస్తే చాలావరకు తగ్గుతుంది. గరగర అంటే మోటారు డబ్బాలో పళ్ల చక్రాల నూనె ఎండిపోయినట్టు. కరెంటు ఫ్రీక్వెన్సీని (సెకనుకు ఎన్ని తరంగాలో ఆ లెక్కను) బట్టి తిరిగే ఈ తరహా మోటారుకు ఆద్యుడు హెన్రీ వారెన్ అనే అమెరికన్ ఇంజనీరు. కరెంటు ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉంటేనే తన గడియారం నిజం చెబుతుంది కాబట్టి, 1916లో బోస్టన్ పవర్ స్టేషన్‌లో ఓ మాస్టర్ గడియారమే పెట్టించాడు. అంత ముందుచూపున్న డిజైన్‌లో కూడా డబ్బాకు సీలు వేసి, నూనె పోసే దారి లేకుండా చేశారు. రోటర్ నిమిషానికి 3600 సార్లు తిరుగుతుంటే నూనె ఎన్నాళ్లుంటుంది? బ్యాటరీ మార్చే వీల్లేని ఇయర్‌బడ్స్‌ను తిడుతుంటాం కదా, ఈ జబ్బు ఇప్పటిది కాదు.

డబ్బాను తెరవకుండా, గడియారం నుంచి విడదీసి హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టండి. షాఫ్టు బయటికి వచ్చే చోట రెండు మూడు చుక్కల గడియారం నూనె వేసి చల్లారనివ్వండి. లోపలి గాలి కుదించుకుంటూ నూనెను లాక్కుంటుంది. కొబ్బరినూనె వద్దు, న్యూజెర్సీ చలికి గడ్డకడుతుంది. తుప్పు వదిలించే స్ప్రే అసలే వద్దు, ఉన్న కాస్త నూనెనూ కడిగేసి అది ఆరిపోతుంది.

విజయవాడ సంగతి. అక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. అమెరికా కరెంటుకు తగ్గట్టు చేసిన 60 హెర్ట్జ్ గడియారం అక్కడ గంటకు 10 నిమిషాలు, రోజుకు 4 గంటలు వెనకబడుతుంది. ఇవాళ ఉదయం 6కు టైము పెడితే రేపు నాన్నగారు 6కు లేచేసరికి 2 చూపిస్తుంటుంది. పైగా 50 హెర్ట్జ్ మీద కాయిల్ మరింత వేడెక్కుతుంది.

అసలు ఆ అరచేతిలో ఇమిడే తేలిక ‘ట్రావెల్ కన్వర్టర్లు’ ఉన్నాయే, వాటిని అమ్మనిస్తున్నదెవరో! చాలావాటిలో ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, కరెంటు తరంగాన్ని ముక్కలుగా కోసి పంపుతాయి. హెయిర్ డ్రయర్‌కు పనికొస్తుందేమో గానీ మోటారుకు కాదు. కొంచెం బరువున్నవి కొంటే ఆటో ట్రాన్స్‌ఫార్మర్, అంటే రెండువైపులకూ ఒకటే చుట్ట. అందులో కామన్ వైరు తెగితే మొత్తం 230 వోల్టులూ మీ పాత గడియారంలోకి వచ్చేస్తాయి. అట్ట మీద మాత్రం పెద్ద అక్షరాలతో ‘యూనివర్సల్’. విడివిడి చుట్టలున్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అయితే ఈ భయం లేదు. అప్పుడు కూడా టైము తప్పే! కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిచినప్పుడు ఫ్యాన్లతో పాటు ఇదీ గుర్రుమంటుంది.

నాన్నగారికి ఇవ్వాలనే పట్టుదల ఉంటే, రేడియం ముళ్లు కాకపోతేనే, మోటారు తీయించి క్వార్ట్జ్ మిషన్ పెట్టించండి. పెన్సిల్ సెల్‌తో నడుస్తుంది. పాత వస్తువులు సేకరించేవాళ్లు తిడతారు, తిట్టనివ్వండి. డయల్ మందం కొలుచుకుని, అది దాటి బయటికొచ్చేంత పొడవు షాఫ్టున్న మిషనే కొనండి. పాత ముళ్లు దానికి పట్టకపోవచ్చు, కొత్తవి కూడా అప్పుడే తీసుకోండి.