నియంత దినచర్య మీద స్కిట్: నవ్వు ఎక్కడ పుడతది?

ప్రశ్న: అన్నా, నేను హన్మకొండల డిగ్రీ చదువుతున్న. కాలేజ్ డేకి ఒక డిక్టేటర్ పొద్దున లేచినకాడికెల్లి పండుకునేదాంక ఏం చేస్తడో స్కిట్ వేస్తున్నం. మీసాలు, బెల్టు, అరుపులు అన్నీ పెట్టినం గానీ రిహార్సల్ల ఎవ్వరు నవ్వుతలేరు. ఏం చెయ్యాలె?

జవాబు: తమ్మీ, మీసాలు తీసెయ్యి. డిక్టేటర్ ఎంత సీరియస్‌గ ఉంటే అంత మంచిది, నవ్వంత ఆయన చుట్టున్నోళ్ల భయంల ఉంటది. రష్యాను ఏలిన స్టాలిన్ సంగతే చూడు, మధ్యాహ్నం దగ్గర్ల లేచేటోడు, రాత్రి మంత్రులను తిండికి పిలిచి తెల్లారగట్ల నాలుగింటి దాంక తాగిపిచ్చేటోడు, యాభై దాటిన పార్టీ లీడర్ క్రుశ్చేవ్‌తోని గొంతుకూసొని కాళ్లు ఎగరేసే గోపక్ డాన్స్ చేపిచ్చిండు. 1953 మార్చి 1న ఆయన రూంల పొద్దంత సప్పుడు లేదు, పిలువంది లోపలికి పోవద్దని ఆర్డరాయె, కాపలోళ్లు బయటనే నిలవడ్డరు. సాయంత్రం లైటు వెలిగితే హమ్మయ్య అనుకున్నరు, మళ్ల సప్పుడు లేదు. రాత్రి పది దాటినంక టపా ఇచ్చే వంకతోని ఒకడు పోయి చూస్తే ఆయన కింద పడి ఉన్నడు, డాక్టర్లు వచ్చేసరికి తెల్లారింది, 5వ తారీకు చచ్చిపోయిండు. అందరిని వణికిచ్చిన భయమే ఆయనకు డాక్టర్‌ను అందనియ్యలే. గా తలుపు ముందల "నువ్వు పో" అంటే "నువ్వే పో" అనుకునే ఇద్దరిని పెట్టు, స్టేజి మీద ఇంకేం అక్కర్లేదు.

హిట్లర్‌దీ అంతే, 1944 జూన్ 6న శత్రువులు ఫ్రాన్స్‌ల నార్మండీ ఒడ్డున దిగుతుంటే సారు పండుకున్నడు, లేపనీకి ఎవ్వరికి ధైర్యం రాలే. తుర్క్‌మెనిస్తాన్ నియాజోవ్ 2002ల జనవరి నెలకు తన బిరుదు పేరు, ఏప్రిల్‌కు వాళ్లమ్మ పేరు పెట్టిండు, సూర్యుడు ఎటు తిరిగితే అటు తిరిగే బంగారు బొమ్మ కూడ ఉండె. క్యాలెండర్ మార్చే గుమాస్తా పాత్ర రాస్కో.

కథ చెప్పే మనిషి కావాల్నంటే మన పిట్టలదొర ఉన్నడు కదా. ఖాకీ లాగు, టోపీ, భుజానికి కట్టె తుపాకి, "నేను తుమ్మితే భద్రకాళి చెరువు పొంగిందిరా" అని కోతలు కోసుకుంట దొరల దర్పాన్ని, పోలీసుల దర్జాను ఎక్కిరిస్తడు. బయట దేశాల వేషాలు వెతికే బదులు ఆయనను తెచ్చుకోండి, మన ఊర్ల దొర ఉండే గడి ముందల చెప్పులు చేతుల వట్టుకొని నడిచినోళ్ల మనుమలే కదా రేపు ఆడియన్స్‌ల కూసునేది, జల్ది అందుకుంటరు.

ప్రశ్న: మా సార్ ఏమో, అంతమందిని చంపినోళ్ల మీద నవ్వుడేంది, ఆ పాపం తేలిక చేసినట్టు కాదా అంటున్నరు. నిజమేనా?

జవాబు: సార్ అడిగింది మంచి మాట, కొట్టిపారెయ్యకు. కానీ స్టాలిన్ కాలంల ఒక్క జోక్ చెప్పినందుకు మనుషులను వెట్టిచాకిరి చేపిచ్చే జైలు క్యాంపులకు పంపిన్రు, అంటే ఆ నవ్వుకు వాళ్లెంత భయపడ్డరో చూడు. మన జనగామ దిక్కు కడవెండిల 1946 జులై 4న దొర మనుషులు కాల్చితే దొడ్డి కొమరయ్య పాణం పోయింది, దొరతనం అంటే దర్జా ఒక్కటే కాదు, ఎన్క తుపాకి ఉంటది. గందుకని స్కిట్ల ఒక నౌకరు నవ్వుతడు, వాన్ని తీస్కపోతరు, వాడు మళ్ల రాడు. ఆ ముక్క ఆఖర్ల పెట్టకు, నడుమ పెట్టు. దాని తర్వాత డిక్టేటర్ చాయ్ తాగే సీన్ రావాలె, అప్పుడు నవ్వాల్నా వద్దా అని జనమే తేల్చుకుంటరు. పొట్టి, నల్ల, బట్టతల జోకులు మాత్రం ఒక్కటి కూడ వద్దు.