ఇరవై మూడో భాగం దగ్గర ఆగిన కలం

ప్రశ్న: నా వయసు 46. పద్దెనిమిదేళ్ళుగా ప్రేమ నవలలు రాస్తున్నాను. మొదట్లో వారపత్రికలకు రాసేదాన్ని, నాలుగేళ్ళుగా ఫోనులో చదువుకునే ఒక యాప్‌లో రాస్తున్నాను. నా కథల్లో ఎప్పుడూ ప్రేమే గెలుస్తుంది. కులం, ఆస్తి అడ్డు నిలబడలేవు. పన్నెండు నవలలు పూర్తి చేశాను. పదమూడోది ఇరవై మూడో భాగం దగ్గర ఆగిపోయింది. నాయిక తల్లి ఎదుట నిలబడి తన ప్రేమ సంగతి చెప్పాల్సిన ఘట్టం అది. ఏడు నెలలుగా దాన్ని దాటలేకపోతున్నాను. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కంప్యూటర్ ముందు కూర్చుంటాను. రెండు వాక్యాలు రాస్తాను. చదువుకుంటే ఎవరో రాసినట్టు ఉంటాయి, తీసేస్తాను. తర్వాతి భాగం ఎప్పుడని పాఠకులు అడుగుతుంటే జవాబు చెప్పలేక యాప్ తెరవడమే మానేశాను. రాత్రిళ్ళు నిద్ర సరిగా పట్టడం లేదు. మావారు ‘ఇన్నేళ్ళు రాశావు కదా, ఇక చాలు’ అంటున్నారు. ఇంట్లో వేరే సమస్యలేమీ లేవు. పెద్దమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. ఉగాదికి వచ్చినప్పుడు ఎవరో అబ్బాయి గురించి చెప్పింది. మావాళ్ళు కాదు. కొంచెం గొడవైంది కానీ ఇప్పుడు సర్దుకుంది. దసరాకు సెలవు దొరక్క రాలేదు. నాలోని రచయిత్రి అయిపోయిందా? మళ్ళీ రాయగలనా?

జవాబు: అమ్మా, మీరు రాసిన ఉత్తరం నాలుగు పేజీలు. పైన ఇచ్చింది అందులోని సారాంశం మాత్రమే. నవల గురించి, పాఠకుల గురించి, నిద్ర గురించి వివరంగా రాశారు. అమ్మాయి సంగతిని మాత్రం చివర్లో, ‘వేరే సమస్యలేమీ లేవు’ అన్న తర్వాత నాలుగైదు పొట్టి వాక్యాల్లో ముగించారు. నేను ఆ వాక్యాల దగ్గరే ఆగిపోయాను.

ఉగాదికి అమ్మాయి వచ్చింది. ఏడు నెలల క్రితం, అంటే ఉగాది రోజుల నుంచే, రాత ఆగింది. ఈ రెండూ ఒకే కాలంలో జరిగాయన్నది మీ దృష్టికి రాకపోవడంలో వింతేమీ లేదు. నొప్పి ఉన్న చోటు నుంచి చూపు తప్పించుకోవడం మనసుకు అలవాటు. కానీ ఆగిన ఘట్టం ఏమిటో ఒక్కసారి చూడండి. కూతురు తల్లి ఎదుట నిలబడింది. మనసులో మాట చెప్పింది. ఇప్పుడు తల్లి మాట్లాడాలి. ఆ తల్లి ఏమంటుందో మీకు తెలియక కాదు ఆగింది. పండగ పూట మీ ఇంట్లో ఆ మాటలు మీ నోటి నుంచే వచ్చాయి. వాటిని కాగితం మీద పెట్టడానికి చెయ్యి రావడం లేదు. వాటికి బదులు వేరే మాటలు పెడితే అవి మీకే అబద్ధంగా వినిపిస్తున్నాయి. ‘ఎవరో రాసినట్టు ఉంటాయి’ అని మీరు అన్నది ఇదేనని నాకు అనిపిస్తోంది.

నేను పొరబడుతూ ఉండవచ్చు. ఉత్తరం చదివి మనిషిని పూర్తిగా తెలుసుకోలేం. కానీ రాత ఆగిపోయిందని వచ్చినవాళ్ళతో మాట్లాడేటప్పుడు నేను మొదట అడిగేది ‘ఎక్కడ ఆగింది?’ అనే. ఎక్కువగా ఆ చోటులోనే కారణం ఉంటుంది. ఆఖరి భాగాలకు వచ్చి ఆగినవాళ్ళ భయం వేరు, మొదటి పేజీ దగ్గరే ఆగినవాళ్ళ భయం వేరు. మీరు తల్లీకూతుళ్ళ మధ్య ఆగారు.

పన్నెండు నవలల్లో మీ నాయికలను కులాలు దాటించారు. అవన్నీ మీరు నమ్మే రాశారని నేను నమ్ముతున్నాను. నమ్మకం లేకుండా పద్దెనిమిదేళ్ళు ఎవరూ రాయలేరు. మీ అమ్మాయి వాటిని చదివిన పిల్లే అయితే, మా అమ్మకు అర్థమవుతుందన్న ధైర్యంతోనే మీ దగ్గరకు వచ్చి ఉంటుంది. ఈ మాట మిమ్మల్ని నొప్పిస్తుందని తెలుసు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే మీరు మిమ్మల్ని ఇప్పటికే ఇంతకంటే కఠినంగా తిట్టుకుంటున్నారని నా అనుమానం. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కూర్చోవడం రాయడం కోసమే అయితే ఏడు నెలల పాటు సాగదు. అందులో శిక్ష ఉంది.

మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. రేపు చిన్నవాళ్ళ పెళ్ళిళ్ళు ఏమవుతాయో, ఏ పెళ్ళిలో ఏ పెద్దావిడ ఏమంటుందో, ఆ అబ్బాయి ఇంట్లో మన పిల్లను ఎలా చూస్తారో అన్న బెంగలో ప్రేమ ఉంది. కథలో ప్రేమను గెలిపించినంత మాత్రాన తల్లికి భయం లేకుండా పోదు. మీరు రాసినదీ నిజమే, భయపడినదీ నిజమే. మీ కథల్లో ఇప్పటివరకు రెండోదానికి చోటు దొరకలేదు, అంతే.

ఇక చేయవలసిన పనుల గురించి.

ముందు ఆ నాలుగున్నర అలారం తీసేయండి. భాగవతం రాస్తూ ‘అల వైకుంఠపురంబులో’ పద్యం దగ్గర ముందుకు సాగక పోతన గంటం పక్కన పెట్టి లేచి వెళ్ళాడని, తిరిగి వచ్చేసరికి పద్యం పూర్తయి ఉందని చెప్పుకునే కథ మీకు తెలిసే ఉంటుంది. అందులో దైవ మహిమను భక్తులు చూస్తారు. నేను దానితో పాటు ఇంకొకటి చూస్తాను. అంతటి కవి కూడా పద్యం రానప్పుడు లేచి వెళ్ళాడు. మొండిగా కూర్చుని తల బాదుకోలేదు. మీరూ కొంతకాలం లేచి వెళ్ళండి.

అయితే ఊరికే వెళ్ళవద్దు, పాఠకులకు చెప్పి వెళ్ళండి. ‘ఇంటి పరిస్థితుల వల్ల ఈ సీరియల్ కొంతకాలం ఆపుతున్నాను, తప్పకుండా తిరిగి వస్తాను’ అని రెండు వాక్యాలు చాలు. ఎప్పుడు వస్తారో తేదీ ఇవ్వకండి. మీరు వారపత్రికలకు రాసినవారు, ‘సశేషం’ అన్న మాట పాఠకుడికి ఇచ్చే హామీ అని మీకు నేను చెప్పక్కర్లేదు. జవాబు ఇవ్వకుండా దాక్కోవడమే మిమ్మల్ని ఎక్కువగా తినేస్తోంది. అది రాసిన రోజు రాత్రి కొంచెం నిద్ర పట్టినా పట్టవచ్చు.

తర్వాత నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, నోటుపుస్తకంలో చేత్తో రాయండి. నవల కాదు. ఉగాది నాడు ఏం జరిగిందో రాయండి. అమ్మాయి ఏ చీరో, ఏ డ్రెస్సో వేసుకుని ఉంది, మీ చేతిలో ఏ పని ఉంది, మొదటి మాట ఎవరు అన్నారు, మీ గొంతు ఏ మాట దగ్గర పెరిగింది, ఆ పిల్ల ముఖం ఎలా మారింది, మీ లోపల ఏం కదిలింది. అక్షర దోషాలు, వాక్య సౌందర్యం చూసుకోకండి. ఎవరికీ చూపించకండి, తర్వాత చించేసినా ఫరవాలేదు. ఇది నేను కల్పించిన చిట్కా కాదు. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహ పరిశోధకురాలితో కలిసి కాలేజీ విద్యార్థుల చేత ఇలాగే నాలుగు రోజులు, పదిహేను నిమిషాల చొప్పున, మనసును కలచివేసిన అనుభవాల గురించి రాయించారు. ఆ ఫలితాలు 1986లో ప్రచురించారు. జరిగిన సంగతితో పాటు దాని గురించి తమకు కలిగిన భావాలను కూడా రాసినవాళ్ళు ఆ తర్వాతి నెలల్లో అనారోగ్యంతో డాక్టర్ దగ్గరకు వెళ్ళడం తగ్గింది. అయితే రాసిన వెంటనే వాళ్ళ మనసు మరింత బరువెక్కింది. మీకూ అలా అనిపించవచ్చు, కంగారు పడకండి. మరీ భరించలేకపోతే ఆపేయండి. పడుకునే ముందు మాత్రం రాయకండి, మధ్యాహ్నం పూట మంచిది.

ఆ నాలుగు రోజుల తర్వాత, మనసు ఒప్పుకున్నప్పుడు ఇరవై మూడో భాగాన్ని తల్లి వైపు నుంచి రాసి చూడండి. యాప్‌లో పెట్టడానికి కాదు, మీ కోసం. ప్రేమ కథను నడిపించేది అడ్డంకి అని పన్నెండు నవలలు రాసిన మీకు బాగా తెలుసు. ఆ అడ్డంకి తరచుగా ఎవరో కోపిష్ఠి తండ్రి రూపంలోనో, దారి తప్పిన ఉత్తరం రూపంలోనో బయట నుంచి వచ్చి పడుతుంది. చివర్లో తేలిగ్గానే తొలగిపోతుంది. ఈసారి ఆ అడ్డంకి లోపలి ముఖం మీరు చూశారు. కూతుర్ని ప్రేమిస్తూనే కూతురికి అడ్డు నిలబడే మనిషి గుండెలో ఏం జరుగుతుందో మీకు తెలిసినట్టు చాలామంది రచయితలకు తెలియదు. నాయిక మాట్లాడకపోతే పోనీయండి. ఆ తల్లిని మాట్లాడనివ్వండి. ఆమె తప్పుగా మాట్లాడినా సరే, ఆపకండి. ఆ ఒక్క భాగం మీకు నిజమనిపించేలా వస్తే, మిగతా కథ ఎటు పోవాలో అదే చెబుతుంది. ముగింపు మీరు ముందుగా అనుకున్నది కాకపోవచ్చు కూడా.

ఇక్కడ ఒక జాగ్రత్త. అమ్మాయి కథ అమ్మాయిది. ఆమె ఉద్యోగం, ఆ అబ్బాయి వివరాలు, ఆమె అన్న మాటలు యథాతథంగా నవలలోకి తేకండి. ఇప్పటికే దూరంగా ఉన్న పిల్ల తన రహస్యాన్ని ఫోనులో వేలమంది పాఠకుల మధ్య చూసుకుంటే ఆ దూరం ఇంకా పెరుగుతుంది. మీ భయం మాత్రం మీ సొంతం. దాన్ని ఎంతైనా వాడుకోండి.

మళ్ళీ రాయడం మొదలయ్యాక రోజుకు అరగంట దాటవద్దు. తర్వాతి వాక్యం తెలిసి ఉండగానే లేచిపోండి. మర్నాడు ఖాళీ తెర ముందు కూర్చోవలసిన అవసరం ఉండదు.

‘నాలోని రచయిత్రి అయిపోయిందా’ అని అడిగారు. ప్రేమ నవలలు రాసేవాళ్ళందరికీ పెద్ద దిక్కు వంటి ఆంగ్ల రచయిత్రి జేన్ ఆస్టిన్ విషయం చెబుతాను. తను పుట్టి పెరిగిన పల్లెటూరి ఇంట్లో, ఇరవైల వయసులో ఆమె మూడు నవలలకు తొలి ప్రతులు రాసుకుంది. 1801లో తండ్రి ఆ ఊరు వదిలి కుటుంబాన్ని బాత్ నగరానికి మార్చాడు. 1805లో ఆయన పోయాడు. తల్లి, అక్కలతో కలిసి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుతూ గడిపిన ఆ ఎనిమిదేళ్ళలో ఆమె కొత్తగా రాసింది చాలా తక్కువ. మొదలుపెట్టిన ఒక నవలను మధ్యలోనే వదిలేసింది. 1809లో చాటన్ అనే పల్లెలో అన్నగారు ఇచ్చిన ఇంట్లో స్థిరపడ్డాక పాత ప్రతులు బయటకు తీసింది. 1811లో మొదటి నవల అచ్చయింది. 1796, 97 ప్రాంతంలో తొలిసారి రాసుకున్న ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ 1813లో వచ్చింది. ఆ మధ్య కాలంలో ఆమెలోని రచయిత్రి ఎక్కడికీ పోలేదు. కాళ్ళ కింద ఇల్లు కదులుతోంది, అంతే. మీ ఇల్లు కదిలి ఏడు నెలలే అయింది.

మీ వారి విషయం. ‘ఇక చాలు’ అన్న మాట ఆయన ఏ ఉద్దేశంతో అన్నారో నాకు తెలియదు. రోజూ తెల్లవారుజామునే లేచి కూర్చునే భార్యను చూసి బాధతో అన్నా అదే మాట, మీ రాతకు విలువ లేదనుకుని అన్నా అదే మాట. అడిగి తెలుసుకోండి. పద్దెనిమిదేళ్ళ పని గురించి అంత చిన్న మాటను అలా వదిలేయకూడదు.

ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. నలభై ఆరేళ్ళంటే నెలసరి మార్పుల వల్ల నిద్ర, ఏకాగ్రత రెండూ దెబ్బతినే వయసు. ఒకసారి డాక్టర్‌ను కలిసి థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. రాయడంతో పాటు తిండి మీద, మనుషుల మీద, ఇదివరకు ఇష్టమైన వాటన్నిటి మీద ఆసక్తి పోయి రెండు వారాలకు మించి ఉంటే, లేదా బతకడం దేనికన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, మానసిక వైద్యుల దగ్గరకు వెళ్ళడానికి ఆలస్యం చేయకండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

చివరిగా అమ్మాయి దగ్గరకు వద్దాం. ‘సర్దుకుంది’ అని రాశారు. దసరాకు రాని పిల్ల సర్దుకున్నట్టు నాకు అనిపించడం లేదు. సెలవు నిజంగానే దొరక్కపోయి ఉండవచ్చు, అయినా మీరే ఒక మెట్టు దిగండి. దీపావళి దాకా ఆగక్కర్లేదు, ఈ వారమే ఫోను చేయండి. పెళ్ళికి ఒప్పుకున్నానని చెప్పమనడం లేదు. మీకు ఇంకా నిర్ణయం రాలేదు, రాని నిర్ణయాన్ని వచ్చినట్టు చెప్పకండి. ‘ఆ రోజు భయపడి అన్నాను, నిన్ను మాట్లాడనివ్వలేదు, ఇప్పుడు చెప్పు, వింటాను’ అనండి. తర్వాత నిజంగా వినండి. మధ్యలో చుట్టాలను, కులాన్ని తీసుకురాకండి. ఆ పిల్ల మేజరు, ఉద్యోగం చేసుకుంటోంది. రేపు తన దారి తను చూసుకున్నా ఆపగలిగే హక్కు మీకు లేదు. కానీ ఆ దారిలో మీకు చోటు ఉండాలా వద్దా అన్నది ఈ ఫోను మీద ఆధారపడి ఉండవచ్చు.

మొదటి ప్రశ్నగా ఆ అబ్బాయి పేరు అడగండి. మీ నాలుగు పేజీల ఉత్తరంలో ఎక్కడా అతని పేరు లేదు.